కొబ్బరినీళ్లు తాగిన కంప్యూటర్

హాస్టల్లో నా కంప్యూటర్‌కు పక్క మూత ఉండేది కాదు. ఎండాకాలంలో వేడెక్కుతోందని నేనే ఊడదీసి మంచం కింద పడేశాను. మూత లేకపోతే గాలి ఆడుతుంది, లోపల వెలిగే లైట్లు నలుగురికీ కనిపిస్తాయి. రెండోదే అసలు కారణం.

ప్రాసెసర్ ఏది కొనాలి, ర్యామ్ ఎంత వేయించాలి అని క్యాంపస్‌లో ఎవరికి సందేహం వచ్చినా నా గదికే వచ్చేవాళ్లు. అడిగినదానికి నాలుగింతలు చెప్పి పంపేవాణ్ణి. తార్నాకలో మేం ప్రింట్లు తీయించుకునే జిరాక్స్ షాపులో కంప్యూటర్ అంటే నాకు మహా చులకన. స్విచ్ వేసి, అది లేచేలోపు చాయ్ తాగి రావచ్చు. స్క్రీన్ నిండా ఎవరెవరివో ఫైళ్లు, వాటి మధ్య వైరస్‌లు. ఆ డబ్బాను పాత ఇనుముకు వేసెయ్యమని షాపు అక్కకు ఎన్నిసార్లు చెప్పానో. అక్కడినుంచి వచ్చిన పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ కొట్టనిదే నా మెషీన్‌కు తగలనిచ్చేవాణ్ణి కాదు.

నా రూమ్మేట్ ల్యాప్‌టాప్ మొరాయిస్తుంటే, థీసిస్ నా దాంట్లో రాసుకొమ్మన్నాను. రెండు డిస్కులున్నాయి, ఒకటి పోయినా ఇంకోదాంట్లో కాపీ ఉంటుంది, మెయిల్లో దాచుకునే చాదస్తం వద్దన్నాను. తర్వాత కొత్త లినక్స్ ఏదో వచ్చిందని ఆ రెండో డిస్కు తుడిచేసి అది ఎక్కించుకున్నాను. కాపీ మళ్లీ పెడదాంలే అనుకున్నాను. అతనికి చెప్పలేదు.

దసరా వచ్చింది. అతనిది వ్యవసాయం చేసే ఇల్లు. ట్రాక్టర్‌కు పూజ చేయనిదే పండుగ కాదు. థీసిస్ ఇవ్వడానికి నాలుగు రోజులే ఉన్నాయి, ఊరికి వెళ్లలేకపోయాడు. ఇక్కడ మన పనిముట్టు ఇదే కదా అని నా కంప్యూటర్‌కు బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, స్క్రీన్ మీద అమ్మవారి బొమ్మ పెట్టి, దాని పక్కనే గచ్చు మీద కొబ్బరికాయ కొట్టాడు. నీళ్లు సరాసరి మూత లేని వైపునుంచి లోపలికి పోయాయి. చిటపటమని లైట్లన్నీ ఆరిపోయాయి. డిస్కును ఎన్ని చోట్ల తగిలించి చూసినా లేవలేదు.

"నేనే ఖరాబ్ చేసిన అన్నా," అన్నాడు. వెంటనే మొహం కాస్త తేరుకుంది. "రెండో డిస్కుల ఉన్నది గదా?"

లేదని చెప్పాను. అంత సిగ్గు ఎన్నడూ పడలేదు. అతను చెప్పులేసుకుని బయల్దేరాడు. రెండు రోజుల కింద గైడ్ కోసం తార్నాకలో మొత్తం ప్రింటు తీయించాడట. ఆ పెన్‌డ్రైవ్‌ను తిరిగి రాగానే ఫార్మాట్ కొట్టింది నేనే. నేను వెనకే నడిచాను.

షాపు అక్క అప్పుడే పూజ ముగించింది. కొబ్బరికాయ బయట మెట్టు మీద కొట్టింది. పూజకు పెట్టిన మిషన్‌ను ఆ రోజు ముట్టరు. సంగతి విని, దండం పెట్టుకుని స్విచ్ వేసింది.

"ఎవలకెప్పుడు అవసరం పడ్తదో అని ఏదీ తీసెయ్య," అంది.

అది లేచేదాకా ముగ్గురం నిలబడే ఉన్నాం. ఫైళ్ల గుంపులో అతని పేరు కనబడింది. అతను కళ్లు తుడుచుకున్నాడు. అక్క కాపీ చేసిన పెన్‌డ్రైవ్ కోసం నేను అలవాటుగా చెయ్యి చాపాను.

"ఇది నీ చేతికియ్య అన్నా," అని అతను దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు.

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.