మొద్దుబారిన పెదవి

దర్జీ దుకాణంలో అందరూ ఆమెను పిన్నుల పిన్ని అనేవాళ్లు. ఇరవై ఏళ్లుగా ఏడెనిమిది పిన్నులు పెదవుల మధ్య పట్టుకుని, మనిషి ఒంటిమీదే బట్ట సర్ది, ఒక్కొక్కటీ తీసి గుచ్చేది. "మీ పిన్నికి అన్నం అక్కర్లేదు, పిన్నులుంటే చాలు," అని ఆమె భర్త అక్కడి ఆడవాళ్లతో వేళాకోళమాడేవాడు. ఆయన లేతు మిషను మీద పనిచేస్తాడు.

ఆమె కింది దవడ మరీ ఇరుకు. పళ్లు ఒకదాని మీదొకటి ఎక్కి, చిగుళ్లు చీముపట్టి, ముందు పళ్లు కదలసాగాయి. గడ్డం దగ్గర ఎముకను నిలువునా కోసి, మర బిగించి, దాన్ని రోజుకింత తిప్పుతూ ఎడం చేస్తే ఆ సందులో కొత్త ఎముక పడుతుందన్నాడు డాక్టరు. ఏదీ దాచలేదు. "పెదవి మొద్దుబారొచ్చమ్మా. చాలామందికి కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. కొందరికి తగ్గదు. మీకు నలభై ఆరేళ్లు, ఆలోచించుకోండి."

"చేయించుకోకపోతే ఎలాగూ బోసినోరే కదండీ," అంటూ సంతకం పెట్టింది.

మర తిప్పే పని భర్త తీసుకున్నాడు. "నా బతుకంతా మరలే. నోరు తెరువు." పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. పదో రోజుకు ముందు పళ్ల మధ్య పెన్సిలు పట్టేంత సందు పడింది. ఇద్దరూ అద్దంలో చూసి పడీపడీ నవ్వారు.

ఎముక అతుక్కుంది. క్లిప్పులతో పళ్లు వరసకొచ్చాయి. కింది పెదవికి మాత్రం స్పర్శ తిరిగి రాలేదు.

ఒకరోజు తెల్ల గౌను తొడుక్కుని కొలతలిస్తున్న అమ్మాయి, "పిన్నీ, రక్తం!" అని అరిచింది. తన చేతి పిన్ను ఆ పిల్లకు దిగిందేమోనని కంగారుగా గౌనంతా వెతికింది పిన్ని.

"నాక్కాదు, మీకు!"

పిన్ను కింది పెదవిలో సగం దాకా దిగి ఉంది.

మర్నాటి నుంచి యజమానురాలు కొలతలకు ఇంకొకామెను పెట్టి, ఈమెకు గుండీలూ అంచులూ అప్పగించింది. పిన్నులు గుచ్చుకునే దిండు మణికట్టుకు కట్టుకుని చేస్తానంటే, "చూద్దాంలే," అంది. ఆ చూడటం ఎన్నడూ జరగలేదు.

ఆపరేషనై ఏడాదిన్నర గడిచాక డాక్టరు ఆమెను కళ్లు మూసుకోమని, దూదితో పెదవి మీద రాశాడు. కాసేపాగి ఆమె, "ఎప్పుడు రాస్తారండీ?" అంది.

"ఇంక ఆశ పెట్టుకోవద్దమ్మా," అన్నాడాయన.

మెట్లు దిగుతుంటే భర్త అడిగాడు. "నేనేమైనా ఎక్కువ తిప్పానా?"

"లేదండీ. చెప్పినంతే తిప్పారు. ఇలా కావచ్చని ముందే చెప్పాడుగా."

ఆయన తలూపాడు. ఆ మాట మనసుకెక్కలేదు. ఇప్పుడు భోజనం దగ్గర ఆమె గడ్డం మీదుగా నీళ్లు కారితే కంచంలోకి చూపు దించేసుకుంటాడు. ఆ నీళ్లు మెడ దాకా జారి, అక్కడ చల్లగా తగిలాకే ఆమెకు తెలుస్తుంది.