దూడకీ పిల్లకీ ఒకటే పారుడు

2022 వానాకాలం. గజపతినగరం దగ్గరి ఒక పల్లెలో పశువుల డాక్టరుగా చేస్తున్నాను. పైడమ్మ అనే ఆవిడ ఫోన్ చేసింది. గేదె ఈని రెండు వారాలైంది, దూడ పచ్చటి నీళ్లలా పారుతోందట. వెళ్లాను.

వానలకి దూడను వసారాలోనే కట్టేశారు. లేవలేకపోతోంది. "పుట్టగానే జున్నుపాలు కడుపునిండా తాగనిచ్చారా?" అని అడిగాను.

"ఎక్కువ తాగితే పారుతాది కదమ్మా. గుక్కెడే వదిలినాం. మిగతాది జున్నొండి ఈధంతా పంచినాం," అంది పైడమ్మ గొప్పగా.

నాకు ఒళ్లు మండింది. దూడకి రోగాన్ని తట్టుకునే శక్తి వచ్చేదే ఆ తొలిపాలతో. దాని నోటి దగ్గరిది లాక్కుని ఊరికి పంచి, ఇప్పుడు నాకు ఫోను! "జున్ను తిన్నవాళ్లనే పిలిచి వైద్యం చేయించుకోలేకపోయారా?" అనేశాను.

పేడ శాంపిల్ తీస్తుంటే లోపల్నుంచి మూలుగు వినిపించింది. చాప మీద రెండేళ్ల మనవరాలు, పక్కన కోడలు లక్ష్మి. పిల్ల కళ్లు లోతుకు పోయాయి, పెదాలు అట్టకట్టాయి. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలబడింది. ఒంట్లో నీరు ఇంకిపోతే దూడకైనా బిడ్డకైనా అంతే.

"దీనికెప్పట్నుంచి?"

"దూడకి మొదలైన నాలుగైదు రోజులకమ్మా. పొద్దస్తమానం దాని మెడట్టుకునే ఉండీది," అంది లక్ష్మి.

"నీళ్లు తాగిస్తున్నావా?"

లక్ష్మి అత్తకేసి చూసింది. పైడమ్మే జవాబిచ్చింది. "నీల్లిస్తే మరింత పారదేటమ్మా? ఆర్‌ఎంపీ బాబు సూదులేస్తన్నాడు, నీల్లు మానిపించీమన్నాడు. నువ్వు ముందు దూడని సూడు. అది పోతే గేదె పాలు సేపదు."

"దూడ సంగతి తర్వాత! పిల్ల చచ్చిపోతుంది, వినబడుతోందా?" అని అరిచాను. వీధివాళ్లు తొంగిచూశారు. చూడనీ. దూడకి ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు పట్టమని పైడమ్మకి చెప్పి, తల్లీబిడ్డల్ని నా కారులో పెద్దాసుపత్రికి తీసుకుపోయాను.

దూడ పేడలోనూ పిల్ల విరేచనంలోనూ ఒకటే దొరికింది. క్రిప్టోస్పోరిడియం. పేగుగోడను పట్టుకుని బతికే, కంటికి కనబడని పరాన్నజీవి. పేడ అంటిన చేతుల మీదుగా నోట్లోకి పోతుంది. ఆ ఆర్‌ఎంపీ పొడిచిన యాంటీబయాటిక్ సూదులు దాన్నేమీ చెయ్యలేవు. పిల్లని కాపాడగలిగినవి నీళ్లు. ఆ మహానుభావుడు మాన్పించింది వాటినే!

దూడ మర్నాడు చచ్చిపోయింది. పిల్ల సెలైన్‌తో తేరుకుంది. నర్సు ఓఆర్ఎస్ గ్లాసు ఇస్తే లక్ష్మి పిల్ల పెదాలకి ఆనించింది. పిల్ల రెండు చేతులా గ్లాసు పట్టేసుకుంది. తీస్తే వదలదు. లక్ష్మి ఏడుపు ఆపుకోలేకపోయింది.

"మూడ్రోజులు నీల్లు, నీల్లని ఏడిసిందమ్మా. గలాసు కనబడితే అడుగుతాదని నేనే దాసీసినాను."

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా నెత్తురు ఉడుకుతుంది. ఆ తల్లి మీద కాదు, ఆమె చేత గ్లాసు దాయించినవాళ్ల మీద. అప్పట్నుంచి దూడకి పారుడని ఎవరు పిలిచినా ముందు ఇంట్లో పిల్లలెలా ఉన్నారో అడుగుతాను. వాళ్లని చూడకుండా దూడ దగ్గరికి పోను. "పశువుల డాక్టరమ్మకి మా పిల్లల గొడవేటి?" అని మూతి తిప్పుతారు. తిప్పుకోనీ. ఆ పిల్లలు నా ఎదురుగా నీళ్లు తాగాకే దూడని ముట్టుకుంటాను.