ఏది నా ఏడుపు?

మొన్న ఫిల్మ్‌నగర్ స్టూడియో నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసి, కంప్యూటర్‌కు గొంతులు నేర్పిస్తున్నామనీ, నా ఏడుపులు కొన్ని రికార్డు చేసివ్వాలనీ అడిగింది. వెక్కి వెక్కి ఏడ్చేది, లోపలే దిగమింగేది అంటూ కూరగాయలు పురమాయించినట్టు చెప్పి, చివర్లో "ఒక్కటి మాత్రం ఒరిజినల్‌ది కావాలి మేడమ్" అంది. ఎవరి మాటనూ కింద పడనివ్వని నేను, ఆ పూట తర్వాత చెబుతానని ఫోన్ పెట్టేశాను.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో తెర మీద ముఖం ఒకరిది, గొంతు ఇంకొకరిది. తెలుగు రాని కథానాయికల పెదవులకు మాటలు అతికించేవాళ్లలో నేనూ ఒకదాన్ని. డిగ్రీ పూర్తి చేసి, యూసుఫ్‌గూడలో రెండు గదుల వాటాలో అమ్మతో ఉంటూ, జూబ్లీహిల్స్‌లోని డబ్బింగ్ థియేటర్‌కు వెళ్లేదాన్ని. మొదటిసారి ఏడుపు దృశ్యం వచ్చినప్పుడు, తల్లి శవం మీద పడ్డ ఆ పిల్లను చూసి నాకు నిజంగానే దుఃఖం పొంగి కుళ్లి కుళ్లి ఏడిస్తే, అద్దం అవతలి నుంచి సౌండ్ ఇంజనీరు, "అక్కా, గిది నిజం లెక్క లేదు, సర్ది అయినట్టు ఇనొస్తుంది. జర మంచిగ ఏడువు" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

తర్వాత నేర్చుకున్నాను. "అమ్మా" అన్నాక ఊపిరి లోపలికి లాగి, క్షణం ఆగి, రెండో "అమ్మా"ను సరిగ్గా మధ్యలో విరగ్గొట్టాలి. అంతే, హాల్లో కర్చీఫులు బయటికొస్తాయి. ఆ కిటుకు పట్టుబడ్డాక నాకు పొగరెక్కింది. అప్పగింతల్లో ఏ పెళ్లికూతురికి ఎంత బాధో, చావింట్లో ఎవరిది నటనో గొంతు విని చెప్పేస్తాననేదాన్ని. బాబాయి పోయినప్పుడు పిన్ని ఏడుపులో తడి లేదని చుట్టాలతో వాదించి మరీ నెగ్గాను. నిజమన్నది నా చెవిని దాటిపోదని అంత నమ్మకం.

కొన్నేళ్లకు అమ్మ పోయింది. ఆసుపత్రి నుంచి తెచ్చి ముందు గదిలో పడుకోబెట్టారు. వంగి ఆమె పాదాలు పట్టుకుని "అమ్మా" అన్నాను. ఊపిరి లోపలికి వెళ్లింది, క్షణం ఆగింది, రెండో పిలుపు మధ్యలో విరిగింది. గదంతా గొల్లుమంది. సిగ్గుతో చచ్చిపోతూ రాస్తున్నాను, ఆ గొల్లు వినగానే నా లోపల ఎవరో "టేక్ ఓకే" అన్నారు.

పక్కవాటా ఆమె నా వీపు నిమురుతూ, మెచ్చుకోలుగానే, "అచ్చం సినిమాల లెక్కనే ఏడ్చినవ్ బిడ్డా, మా పానం పోయినంత పనైంది" అంది. పిన్ని మాత్రం నన్ను దగ్గరికి తీసుకుంది. నాదంటూ ఒక ఏడుపు ఉండి ఉండాలి కదా అని లోపలంతా వెతుక్కున్నాను, దొరకలేదు. గుడ్లప్పగించి కూర్చుంటే, అప్పుడే తేరుకుందే అన్న గుసగుస వినపడింది.

పలికి పలికి అదే నా గొంతైపోయిందో, కన్నతల్లి ముందు కూడా నటించానో, ఇవాళ్టికీ తేల్చుకోలేను. తేల్చడానికి నాకున్నది ఆ చెవి ఒక్కటే, దాన్ని చెడగొట్టిందీ ఆ డబ్బింగ్ పనే. ఊళ్లోవాళ్ల గుండెలన్నీ తూచినదాన్ని, నా గుండెలో ఏముందో నాకే తెలియదని ఎవరితో చెప్పుకోను? మా ఆయనకు చెబితే, "పిచ్చిదానా, నువ్వెంత బాధపడ్డావో నాకు తెలీదూ" అన్నారు. మీకెలా తెలుసన్నాను. ఓడిపోవాలని అంతగా కోరుకున్న వాదన నా జన్మలో ఇంకోటి లేదు, అదీ నేనే గెలిచాను.

ఇప్పుడు ఇంట్లో వాదించే ఓపిక ఎవరికీ లేదు. పిల్లలు "ఓకే అమ్మా, నువ్వే కరెక్ట్" అని ఫోన్లోకి తల దించేస్తారు. ఆ రెండు గదుల వాటాలో అలా కాదు. నేనెంత చదువు ఒలకబోసినా, చేటలో బియ్యం ఏరుకుంటూ, తలైనా ఎత్తకుండా, "చాల్లేవే, నీ సంగతి నాకు తెలీదా" అని అమ్మ ఒక్క మాటతో తేల్చేసేది. ఈ సంగతీ ఆమే తేల్చాలి. ఆ రోజు ఆ గదిలో నా ఏడుపు విననిది ఆమె ఒక్కతే.