సీసా మీద అప్ప రాసిన మాట

పొందూరులో అప్ప పోయిందని నాతో చదువుకున్న స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది. అప్పటికే ఐదు రోజులైంది. అప్పకు చెప్పాల్సిన మాట ఒకటి రెండేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది.

మా వైపు పెద్దక్కను అప్ప అంటాం. మా ప్రయోగశాలలో ద్రావణాలు కలిపే ఆమె పరిశోధక విద్యార్థులందరికీ అప్పే. కడిగిన ప్రతి సీసానూ వెలుతురుకేసి పట్టి చూసేది. మేం భోజనానికి లేవకపోతే కంప్యూటర్ల మధ్యకు వచ్చి నిలబడేది. "తినొచ్చి సూసుకోండే, అదేటి ఎగిరిపోద్దా?" అనేది.

ఒక ప్రొటీన్ ఆకారం తేల్చడం నా పని. మీకు సులువుగా చెప్పాలంటే, ప్రొటీన్ స్ఫటికం మీదికి ఎక్స్‌రేలు పంపి లెక్కలు కడితే ఎలక్ట్రాన్లు ఎక్కడ గుమిగూడాయో తెరమీద కనిపిస్తుంది. అందులో పరమాణువులను కుదర్చాలి. అన్నీ కుదిరాక, మందు అంటుకోవాల్సిన గుంతలో ఒక పచ్చ ముద్ద మిగిలింది. అక్కడ ఏదో ఉంది, మేమింకా ఏమీ పెట్టలేదని దానర్థం. నేను తయారుచేసిన మందే అనుకుని అందులో పెట్టాను. సగం కుదిరింది. మిగతా సగం చుట్టూ ఎరుపు వచ్చింది. లేనిచోట పెట్టానన్నమాట.

అప్ప నా వెనక నిలబడి చూసింది.

"సెల్లీ, నీ స్ఫటికాల ద్రావణంలోకి అసిటేట్ ఉప్పు అయిపోయిందని ఆ దఫా సిట్రేట్ కలిపినాను. నీతో సెప్పినాను, సీసా మీదా రాసినాను. అదే అక్కడ కూకుందేమో సూడు."

"అది మందే అప్పా. నీకు తెలీదులే."

"నాకు తెలీదు, సరే. నీకూ తెలీకపోతే తెలీదనే రాసెయ్. తప్పేటి?"

రాయలేదు. మందు కుదిరిందనే వ్యాసం అచ్చయింది. డాక్టరేట్ వచ్చింది. అప్ప రిటైరై వెళ్లిపోయింది. తర్వాత ఎవరో పరిశోధకుడు మా లెక్కలు మళ్లీ చూసి ప్రశ్నించాడు. అప్పుడు సిట్రేట్ పెట్టి చూశాను. అతికినట్టు సరిపోయింది, ఎరుపు పోయింది. ద్రావణంలోని సిట్రేట్ వల్ల పొరపాటు జరిగిందని సవరణ ప్రచురించాను. ఆ సంగతి ముందే ఒకరు చెప్పారని మాత్రం రాయలేదు. వెళ్లి అప్పకే చెబుదామనుకుంటూ వచ్చాను. నేనుండే విజయనగరంలో రైలెక్కితే గంటలో పొందూరు.

పదో రోజున వెళ్లాను. నేత పని చేసే ఆమె భర్త నన్ను గుర్తుపట్టాడు.

"ద్రావణం వల్ల నీ పని పాడైందని ఎవరో సెప్పారంటమ్మా. నా సేత్తోనే పాడు సేసినానేటో అని దిగులుపడేది. నీకు ఫోన్ సెయ్యమంటే, ఏ మొకం పెట్టుకుని సేస్తాను అనేది."



"లేదు బావా. తప్పు నాది. అప్ప ముందే సెప్పింది. నేనే యినలేదు."

 ఆయన వంటగది వైపు తిరిగి కూతుర్ని పిలిచాడు.

"ఆ మాట దీనికీ సెప్పమ్మా."

బియ్యం కడుగుతున్న అమ్మాయి అలాగే లేచి వచ్చింది. నేను మొదటినుంచీ చెప్పాను. ఆమె గుమ్మానికి ఆనుకుని వింటోంది. తడి వేళ్ల చివరల నుంచి కడుగునీళ్లు గచ్చు మీద ఒక్కో చుక్కా పడుతున్నాయి.