డైసీ ఆంటీ పింగాణి పళ్లెం

ఇయ్యాల అల్మారా సదురుతాంటే నీలిపూల పింగాణి పళ్లెం దొరికింది. డెబ్బైలల్ల కాజీపేట రైల్వే క్వార్టర్లల్ల పెరిగిన దోస్తులూ, యాదికున్నదా? సముద్రం లేదన్న మాటేగాని మనది రేవుపట్నమే. గోవోళ్లు, మద్రాసోళ్లు, నాగపూరోళ్లు, అందరు రైలు దిగి ఒక్క వాడకట్టుల ఉండెటోళ్లు.

పక్కింటి డైసీ ఆంటీ క్రిస్మస్‌కు ఈ పళ్లెంల కేకు పంపింది.

"ఉత్త పళ్లెం ఎట్లిత్తమే బిడ్డా? సంక్రాంతికి సకినాలు చేసినంక ఇద్దాం" అన్నది అమ్మ.

అంతల్నే అంకుల్‌కు ట్రాన్స్‌ఫర్ అయింది. అమ్మ వేడివేడి సకినాలు పళ్లెంల పెట్టుకొని స్టేషన్‌కు ఉరికేసరికి బండి కదిలిపోయింది. ఆంటీ అడ్రసు ఎవ్వలకు దొరకలే.

అప్పటిసంది ఏటా మొదటి వాయి సకినాలు ఈ పళ్లెంలనే పెట్టి పక్కకుంచేది అమ్మ. మొన్న ఎండకాలం అమ్మ పోయింది. పండుగ రేపే. పళ్లెం ఉత్తగనే ఉంది.