లప్పం మీద బొటనవేలు

మా అక్క మెకానిక్ షాపులోకి అడుగు పెడితే ఎదురుగా అరలో ఒక పాత ప్లాస్టిక్ సీసా కనిపిస్తుంది. దాన్ని రోజూ నేనే తుడుస్తాను. పక్క గదిలో నాది కుట్టుపని. ముందు ఆ సీసా తుడిచి, ఆ తర్వాతే మిషను ముందు కూర్చుంటాను. అది ఎందుకని అడిగినవాళ్లకు అక్క చెప్పదు. నేను చెబుతాను. నా కడుపులో మాట దాగదు, కోపం అసలే దాగదు.

అక్క పని నేర్చుకున్నది మేస్త్రి దగ్గర. మేస్త్రి పనిమంతుడే, కాదనను. కాకపోతే శుభ్రం పిచ్చి. షాపు నేల మీద నూనె చుక్క కనబడిందంటే ఇల్లు కాలిపోయినట్టు గోల చేసేవాడు. బండి ఎక్కడ కారుతున్నా పని చేతకానట్టే అనేవాడు. పెళ్లికి ముందు ఆయన దగ్గర చేరిన అక్క, ఇద్దరు పిల్లల తల్లయ్యాక కూడా ఆయన ఎదుట స్టూలు మీద కూర్చునేది కాదు. అంత గౌరవం. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఒకసారి కొరియర్ అతని బండి వచ్చింది. ముసలి ఇంజను, ఎత్తు కనబడితే చాలు ఆయాసపడేది. ఇంజను పీల్చే గాలిని వడకట్టే ఎయిర్ ఫిల్టర్ తీసి చూస్తే నూనెలో ముంచి తీసిన గుడ్డలా ఉంది. ఇంజను లోపల పుట్టే ఆవిరిని బ్రీదర్ పైపు అనే రబ్బరు గొట్టం తీసుకెళ్లి ఆ ఫిల్టర్ డబ్బాలో వదులుతుంది. కొత్త ఇంజనుకైతే ఏమీ కాదు. అరిగిన ఇంజను మాత్రం ఆవిరితో పాటు నూనె కూడా కక్కుతుంది, కక్కినదాన్ని మళ్లీ తనే పీలుస్తుంది. అక్క ఆ గొట్టాన్ని డబ్బా నుంచి తప్పించి, డబ్బాకున్న కంత మూసేసి, గొట్టం కొసను సీటు కింద ఒక సీసాలోకి తిప్పింది. నూనె సీసాలో పడాలి, ఆవిరి బయటికి పోవాలి. అందుకని మూతకు ఒక బెజ్జం పెట్టింది. బండి హాయిగా ఎత్తెక్కింది.

కొన్నాళ్లకే ఇంజను పక్కన నూనె కారకుండా ఆపే రబ్బరు సీలు ఊడిపోయి, నూనెంతా రోడ్డు పాలై, ఇంజను పట్టేసింది. కొరియర్ అతను బండి తోసుకుంటూ వచ్చాడు. మేస్త్రి వీధి వీధంతా వినేలా అక్క మీద విరుచుకుపడ్డాడు.

“కంపెనీవాడు పెట్టిన గొట్టం పీకడానికి నువ్వెవరివి? ఇంజనంటే వంటింటి గొట్టం అనుకున్నావా? ఈవిడ చెయ్యి పడ్డ బండి ఇంకెవరూ నా దగ్గరికి తేవద్దు.”

ఆ మాటతో అక్క పనీ పోయింది, పేరూ పోయింది. క్షమాపణ చెప్పుకుందామని నన్ను వెంటబెట్టుకుని కొరియర్ అతని ఇంటికి వెళితే అతని భార్య మొహం మీదే తలుపేసింది. గుమ్మం పక్కన చచ్చిన బండి. సీటు ఎత్తి చూసింది అక్క. మూతకు తను పెట్టిన బెజ్జం లేదు. దాని మీద బూడిదరంగు లప్పం కూరి, బొటనవేలితో నున్నగా అద్ది ఉంది. ఆ వేలిముద్రకు అడ్డంగా ఒక గీత. మేస్త్రి బొటనవేలు ఒకప్పుడు చెయినులో పడి తెగితే కట్టు కట్టింది అక్కే. ఆవిరికి ఉన్న ఒక్క దారీ మూసేస్తే ఇంజను ఊరుకుంటుందా? ఆవిరి సీలును తన్ని బయటపడింది.

“పద, ఇప్పుడే వీధిలో నిలబెట్టి కడిగేద్దాం,” అన్నాను.

“నేనే పూసి తెచ్చానంటాడు. అది ఆయన నోటితోనే రావాలి.”

“ఆయన నోటితోనా? ఎప్పటికి?”

“కారేది చూస్తే ఆయన చెయ్యి ఊరుకోదే. మళ్లీ మూస్తాడు,” అంది అక్క.

ఆ సీసాను మూతతో సహా విప్పి తెచ్చి అరలో పెట్టుకుని, ఇంటి ముందుగదిలోనే షాపు తెరిచింది. పంక్చర్లు తప్ప ఇంకేమీ వచ్చేవి కావు. ఇంజను విప్పాలంటే జనం మేస్త్రి దగ్గరికే పోయేవాళ్లు. అక్క నోరు మెదపకుండా ట్యూబులు అతికేది. నేను పక్కగదిలో పళ్లు నూరుకుంటూ జాకెట్లు కుట్టేదాన్ని.

ఒక మండుటెండ మధ్యాహ్నం మేస్త్రి సొంత బండిని తోసుకుంటూ మా గుమ్మంలోకి వచ్చాడు. వెనకాల రోడ్డు పొడుగునా నూనె చార.

“అమ్మాయ్, సీలు ఎన్నిసార్లు మార్చినా నిలవట్లేదు,” అన్నాడు ఎటో చూస్తూ.

అక్క సీటు ఎత్తింది. కింద సీసా. తిట్టి తరిమేసిన పనిని ఎవరికీ తెలియకుండా తన బండికి చేసుకున్నాడు మహానుభావుడు. మూతకు బెజ్జం లేదు సరికదా, గొట్టం దూరిన చోట చుట్టూ లప్పం, నున్నగా అద్దిన బొటనవేలు, అడ్డంగా గీత.

“కొరియర్ అన్నని పిలుచుకురావే,” అంది అక్క నాతో.

అక్క చెప్పింది ఒక్కరినే. నేను టేపు మెడలో వేసుకుని పరిగెత్తి, వీధిలో టైర్ల షాపతన్నీ స్పేరుపార్ట్సు షాపతన్నీ కూడా పిలుచుకొచ్చాను. అందరి ముందూ అక్క రెండు మూతలు పక్కపక్కన పెట్టింది.

“మేస్త్రిగారూ, ఇది మీ బండిది. ఇది అన్న బండిది. వేలు మీదేనా?”

మేస్త్రి ముఖం మాడిపోయింది.

“కారుతుందేమోనని మూశాను,” అన్నాడు గొణుగుతూ.

“అన్నకి వినపళ్లేదు,” అంది అక్క. కొరియర్ అతను మేస్త్రి పక్కనే నిలబడి ఉన్నాడు.

“ఆ బెజ్జం నేనే మూశాను. తప్పు అమ్మాయిది కాదు.”

“ఈ మాట మా ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పండి. ఇవాళే,” అన్నాడు కొరియర్ అతను.

నా ప్రాణం చల్లబడింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అంత సంతోషం నాకు నా పెళ్లిలో కూడా కలగలేదు.

అక్క మాత్రం పనిలో పడింది. కొత్త సీలు వేసి, గొట్టాన్ని టైరుకూ సైలెన్సరుకూ దూరంగా తిప్పి, బెజ్జం ఉన్న మూతతో కొత్త సీసా బిగించింది. మేస్త్రి చేతులు తుడుచుకుని, కొరియర్ బండి మూత అందుకున్నాడు.

“ఇంక దీన్ని పారేద్దాం లేమ్మా.”

అక్క ఆ మూతను ఆయన చేతిలోంచి తీసుకుని, పాత సీసాకు బిగించి, వేలిముద్ర వీధివైపు ఉండేలా అరలో పెట్టింది.

“అది మాత్రం అడక్కండి. కొత్త సీసా నిండినప్పుడు ఇక్కడికే రండి, నేనే ఒంపి మూత బిగిస్తాను. మీ చెయ్యి ఊరుకోదు.”

ఇప్పుడు ఇంజను పనులన్నీ అక్క దగ్గరికే. మేస్త్రి కూడా వస్తాడు. ముందొచ్చిన బండ్లయ్యేదాకా అరకు ఎదురుగా నిలబడతాడు. అప్పుడు నేను మిషను ఆపి, గుడ్డ తీసుకుని వచ్చి ఆ సీసా ఇంకోసారి తుడుస్తాను. ఆయన ఉన్నప్పుడు కాస్త ఎక్కువసేపే తుడుస్తాను.