మేస్త్రీ బొటనవేలు

ఇవాళ బీపీ మాత్రల కోసం సర్కారు ఆసుపత్రికి వెళ్లాను. లైన్లో నా ముందు ఒడిశా నుంచి మిరపకోతకు వచ్చిన అమ్మాయి ఉంది. మూడో నెల, ఇద్దరు పిల్లలున్నారు, ఈ గర్భం వద్దంటోందని నర్సు అందరికీ వినపడేలా చదివింది. ఆ అమ్మాయి ఫారం మీద ఒడియాలో గుండ్రంగా సంతకం చేసింది.

"మీ ఆయన సంతకమేదీ?" అంది నర్సు.

ఆయన చెన్నైలో ఇటుకబట్టీ పనిలో ఉన్నాడని వచ్చీరాని తెలుగులో చెప్పింది.

నేను ఊరుకోలేక, "మేజరే కదండీ, చట్టప్రకారం ఆమె సంతకం చాలు" అన్నాను.

"చట్టాలు మారుతుంటాయి మేడమ్, మా ఫారం మారలేదు. ఎవరో ఒక మగమనిషి పెట్టాల్సిందే."

కూలీలను తెచ్చిన మేస్త్రీని బయట నుంచి పిలిచారు. అతనికి రాయడం రాదు. భర్త అని ఉన్న గడిలో బొటనవేలు అద్ది, "ఈ సీజన్లో నాకిది నాలుగో పెళ్లామండీ. తొందరగా కానీండి, ఎల్లుండి కోతకి రావాల" అన్నాడు.

నర్సు నవ్వింది. లైనంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. అందరం నవ్వుతున్నామని, ఆ మాట అర్థంకాకపోయినా ఆ అమ్మాయి కూడా నవ్వింది.

మీ ఊరి ఫారంలో ఆ గడి ఇంకా ఉందేమో చూసి చెప్పండి. మా ఊళ్లోనైతే మొగుళ్లకు కొరత లేదు.